బ్రెగ్జిట్ మీద కోపాన్ని ఎవరి గుమ్మం ముందు దింపాలి: యూకేలో ఉన్న మనోళ్ళకి ఒక గైడు

మొన్నామధ్య ఒక శనివారం పొద్దున్నే కొరియర్ అతను తలుపుకున్న కన్నంలోంచి ఒక కార్డు తోసేసి వెళ్ళిపోయాడు. మా పాపకి జర్మనీలో ఒక చిన్న షాపు నుంచి వయొలిన్ తెప్పించాం, అది వచ్చింది గానీ చేతికివ్వరంట, ముందు 53 పౌండ్లు కట్టాలంట. నాకు ఎక్కడలేని మంటెత్తి ఆ కార్డు ఫొటో తీసి మా ఊరి తెలుగోళ్ళ వాట్సాప్ గ్రూపులో పడేసి "థాంక్యూ బ్రెగ్జిట్" అని కొట్టా. బ్రెగ్జిట్ అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి విడిపోవడం. ఇక చూస్కోండి, అరగంటలో నలభై మెసేజ్‌లు. ఒకాయన షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి పనికొచ్చే ఒకే వీసా) అపాయింట్‌మెంట్ దొరకట్లేదు ఇదీ బ్రెగ్జిట్ వల్లే అంటాడు, ఇంకొకావిడ వీసాతో పాటు ప్రభుత్వ వైద్యం కోసం కట్టే ఎన్‌హెచ్‌ఎస్ సర్‌ఛార్జి పెరిగింది ఇదీ దానివల్లే అంటుంది, ఇంకో అన్న అయితే కౌన్సిల్ ట్యాక్స్ (ఊరి కౌన్సిల్ వేసే ఇంటి పన్ను) కూడా అదే ఖాతాలో వేసేశాడు. ఊళ్ళో ఏ పిల్లాడికి జ్వరమొచ్చినా దిష్టి అన్నట్టు మా గ్రూపులో ఏది సరిగ్గా లేకపోయినా బ్రెగ్జిట్ అయిపోయింది.

కోపం తప్పని నేను అనట్లేదు, నాకూ ఉంది, పదేళ్ళ నుంచీ ఉంది. కానీ అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే దుత్త పగలడం తప్ప ఏమీ ఒరగదు. అందుకే నేను ఇన్నేళ్ళలో చేసిన తిక్క పనులు, పనికొచ్చిన పనులు రెండూ కలిపి రాస్తున్నా. ముఖ్యంగా వీసా మీద ఉన్నోళ్ళు చదవండి, ఎందుకంటే మనకి ఇక్కడ ఏ హక్కూ లేదని మనమే అనేసుకుని కూర్చుంటాం, అది నిజం కాదు.

ముందు అది బ్రెగ్జిట్ పాపమా కాదా తేల్చుకోండి

షెంగెన్ వీసా సంగతి చూద్దాం. యూకే ఈయూలో ఉన్నన్నాళ్ళు కూడా షెంగెన్‌లో లేదు, యూరో కూడా వాడలేదు. మన ఇండియన్ పాస్‌పోర్ట్‌కి 2015లో ప్యారిస్ వెళ్ళాలన్నా వీసానే, ఇప్పుడు వెళ్ళాలన్నా వీసానే. కాబట్టి అపాయింట్‌మెంట్ దొరక్కపోతే ఆ కాన్సులేట్‌నీ ఆ వీసా సెంటర్‌నీ తిట్టుకోండి, బ్రెగ్జిట్‌ని కాదు. ఎన్‌హెచ్‌ఎస్ సర్‌ఛార్జి 2015లోనే మొదలైంది, ఇప్పుడు పెద్దోళ్ళకి ఏడాదికి 1,035 పౌండ్లు, అది పూర్తిగా లండన్‌లో తీసుకున్న నిర్ణయం, బ్రస్సెల్స్‌లో ఉండే ఈయూకి దాంతో సంబంధం లేదు. కౌన్సిల్ ట్యాక్స్ గురించి చెప్పక్కర్లేదు, పేరులోనే ఉంది.

ఫోన్ రోమింగ్ మాత్రం నిజంగా దాని వల్లే. 2017 జూన్ నుంచి ఈయూ దేశాల్లో రోమింగ్ ఛార్జీలు వెయ్యకూడదని రూల్ ఉండేది, బయటికొచ్చాక ఇక్కడి కంపెనీలకి ఆ కట్టుబాటు పోయింది, కొన్ని మళ్ళీ రోజుకింత అని మొదలుపెట్టాయి, కొన్ని పెట్టలేదు. ప్లాన్ తీసుకునే ముందు ఆ ఒక్క లైను చదువుకుంటే స్పెయిన్‌లో దిగాక గుండె ఆగదు.

ధరల సంగతి అయితే కలగాపులగం. కోవిడ్ ఉంది, ఉక్రెయిన్ యుద్ధం తర్వాత గ్యాస్ రేట్లు ఉన్నాయి, వాటితో పాటు బోర్డర్ దగ్గర కొత్త కాగితాలూ చెకింగులూ ఉన్నాయి, ఏది ఎంత అని విడదీయడం కష్టం. ఎవరైనా వాదనకి దిగితే నేను ఒక్క లెక్కే చెప్తా: ఓబీఆర్ అని ప్రభుత్వ ఖర్చులూ అప్పులూ లెక్కగట్టే స్వతంత్ర సంస్థ ఉంది, వాళ్ళ అంచనా ప్రకారం ఈయూలో ఉండిపోయి ఉంటే వచ్చేదానికన్నా ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తక్కువగా ఉంటుంది. అంటే రాత్రికి రాత్రి కూలిపోవడం కాదు, టైరులో సన్నటి పంక్చర్ లాంటిది, గాలి తెలియకుండా దిగుతూ ఉంటుంది.

ఇప్పుడు నా వయొలిన్ దగ్గరికి రండి, ఇది కాస్త వివరంగా చెప్తా, మీలో చాలామందికి పనికొస్తుంది. పార్సిల్ విలువ 135 పౌండ్ల లోపు అయితే వ్యాట్ కొనేటప్పుడే షాపువాడు తీసుకోవాలి, దాటితే ఇక్కడ దిగాక మనం కట్టాలి. నా 53 పౌండ్లలో 41 వ్యాట్, 12 కొరియర్ కంపెనీ హ్యాండ్లింగ్ ఫీజు. సరే అని డబ్బు కట్టి వయొలిన్ తెచ్చుకున్నాక ఆ జర్మనీ షాపు బిల్లు తీసి చూశా. 238 యూరోలు, అందులో 38 యూరోలు జర్మనీ వ్యాట్! అంటే ఒకే వస్తువుకి రెండు దేశాల్లో పన్ను కట్టానన్నమాట. బ్రిటన్‌కి పంపేది ఎగుమతి కింద లెక్క, దానికి జర్మనీ వ్యాట్ పడకూడదు, పెద్ద షాపులు ఆటోమేటిగ్గా తీసేస్తాయి, ఇది చిన్న షాపు కాబట్టి మర్చిపోయారు. ఇక్కడ కట్టిన రసీదు జతచేసి నాలుగు లైన్ల ఈమెయిల్ పెడితే పది రోజుల్లో 38 యూరోలు వెనక్కి వేశారు, పైగా సారీ కూడా చెప్పారు. కాబట్టి అలాంటి కార్డు వచ్చినప్పుడు ఫొటో గ్రూపులో పెట్టే ముందు బిల్లులో వ్యాట్ లైను చూడండి. ఇంకోటి, ఈయూతో ఒప్పందం ప్రకారం సుంకం సున్నా అంటారు గానీ అది ఈయూలో తయారైన సరుకుకే, జర్మనీ షాపులో కొన్న చైనా వస్తువుకి ఆ సున్నా వర్తించదు.

మొత్తం లెక్క తేలితే నా కోపంలో అసలు బ్రెగ్జిట్ వాటా 12 పౌండ్లు. మిగతాదంతా నేను బిల్లు చదవకపోవడం.

మాట్లాడే ముందు ఈ నాలుగు తేదీలు గుర్తుంచుకోండి

లేకపోతే పబ్బులో ఎవడో ఒకడు మధ్యలో ఆపి సరిచేస్తాడు, పరువు పోద్ది. ఓటింగ్ 2016 జూన్ 23, బయటికి పోదాం అన్నోళ్ళు 51.9 శాతం, ఉందాం అన్నోళ్ళు 48.1, మనుషుల్లో చెప్పాలంటే కోటీ 74 లక్షలు ఒకవైపు, కోటీ 61 లక్షలు ఇంకోవైపు. విడిపోతామని ఈయూకి నోటీసు ఇచ్చింది 2017 మార్చి 29, నిజంగా బయటికొచ్చింది 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకి, పాత రూల్స్ మాత్రం ఆ ఏడాది డిసెంబర్ 31 దాకా నడిచాయి. స్కాట్లాండ్ 62 శాతం ఉందామంది, నార్తర్న్ ఐర్లాండ్ కూడా ఉందామనే అంది, ఇంగ్లండ్, వేల్స్ పోదామన్నాయి, అందుకే స్కాటిష్ కొలీగ్ దగ్గర "మీ బ్రిటిషోళ్ళే ఓటేశారుగా" అని నోరు జారకండి, నేను జారా, ఆయన ఒక వారం టీ తాగడానికి పిలవలేదు.

నార్తర్న్ ఐర్లాండ్ యూకేలో ఉంది, దాని పక్కనున్న ఐర్లాండ్ ఈయూలోనే ఉండిపోయింది, ఆ ఐర్లాండ్ సరిహద్దు గొడవ మాత్రం మనకి చెప్పకుండానే అర్థమవుద్ది, అది గట్టు తగాదా. అన్నదమ్ములు వేరు పడితే పొలం పంచుకోవచ్చు గానీ రెండు పొలాల మధ్య గట్టు మీద ఎవరు నడవాలి అన్నదే ఊరి పంచాయితీలో తెమలదు. 1998 శాంతి ఒప్పందం తర్వాత ఆ గట్టు మీద చెక్‌పోస్టులు లేవు, మళ్ళీ పెడితే ఊరుకోరు, పెట్టకపోతే సరుకు ఎక్కడ చెక్ చెయ్యాలి, అదీ గొడవ. చివరికి చెకింగ్ బ్రిటన్‌కీ నార్తర్న్ ఐర్లాండ్‌కీ మధ్య సముద్రం దగ్గరికి జరిపి, 2023లో విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ అని ఇంకో సర్దుబాటు చేశారు.

మీకు ఓటుంది, నిజంగా ఉంది

ఈ ముక్క చెప్తే ఇప్పటికీ సగం మంది నమ్మరు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉండి, ఇక్కడ నివాసం ఉండి, చెల్లుబాటయ్యే వీసా ఉంటే చాలు, స్టూడెంట్ వీసా అయినా వర్క్ వీసా అయినా, పార్లమెంట్ ఎన్నికల్లో ఓటెయ్యొచ్చు. మనం కామన్వెల్త్ దేశం కాబట్టి. 2016 రిఫరెండంలో కూడా మనోళ్ళకి ఓటుంది.

నేనప్పటికి దేశానికొచ్చి పద్నాలుగు నెలలు. మా టీమ్‌లో ఒక పోలండ్ ఆవిడ ఉండేది, పన్నెండేళ్ళ నుంచి ఇక్కడే ఉంది, పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇల్లు కొనుక్కుంది, పన్ను నాకన్నా ఎక్కువ కడుతుంది. ఆవిడకి ఓటు లేదు. ఈయూ వాళ్ళలో ఐర్లాండ్, మాల్టా, సైప్రస్ వాళ్ళకి తప్ప ఎవరికీ లేదు. ఆ రోజు లండన్ చుట్టుపక్కలంతా కుండపోత, నేను సాయంత్రం ఏడింటికి తడిసి ముద్దై చర్చి హాలుకి వెళ్ళా, లోపల అట్ట డబ్బాల్లాంటి బూత్‌లు, ప్రతి దాంట్లో దారం కట్టిన ఒక చిన్న పెన్సిల్. వేలికి సిరా లేదు, మిషన్ లేదు, పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టి మడిచి డబ్బాలో వేసెయ్యడమే. నాకు అదేదో స్కూల్ లీడర్ ఎన్నికలా అనిపించింది. మర్నాడు పొద్దున ఆఫీసులో ఆవిడ నా దగ్గరికొచ్చి "నువ్వు ఓటేశావా" అని మాత్రం అడిగింది. వేశా అన్నా. ఎటు వేశావని అడగలేదు. తన పన్నెండేళ్ళ మీద నా పద్నాలుగు నెలలు గీత గీశాయని నాకు అప్పుడు తగిలింది, ఇప్పటికీ ఆ పెన్సిల్ గుర్తొస్తే ఇబ్బందిగానే ఉంటది.

సరే, పద్ధతి చెప్తా. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఓటు రిజిస్ట్రేషన్ పేజీ ఉంది, ఐదు నిమిషాల పని, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకోండి. పోలింగ్‌కి 12 పని దినాల ముందు గడువు అయిపోద్ది, ఆఖరి రోజుకి ఉంచుకోకండి, 2016లో ఆఖరి రాత్రి ఆ సైటే పడిపోయి గడువు రెండ్రోజులు పొడిగించాల్సొచ్చింది, ప్రతిసారీ అలా పొడిగించరు. ఇల్లు మారినప్పుడల్లా మళ్ళీ చేస్కోవాలి, మనోళ్ళు ఇక్కడే దెబ్బతింటారు, ఏడాదికో అద్దె ఇల్లు కదా. ఓటర్ లిస్టులో పేరుంటే క్రెడిట్ స్కోర్‌కి కూడా మంచిది, ఈ మాట చెప్తే మాత్రం మనోళ్ళు పరిగెత్తుకెళ్ళి రిజిస్టర్ చేస్తారు, ప్రజాస్వామ్యం కోసం కాదు, మార్ట్‌గేజ్ కోసం, పోన్లెండి ఏదో ఒకటి.

2023 నుంచి ఇంగ్లండ్‌లో ఫొటో ఐడీ చూపించాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది, ఎక్స్‌పైర్ అయినా ఫొటోలో ఉన్నది మీరేనని తెలుస్తుంటే పర్లేదు. నార్తర్న్ ఐర్లాండ్ లిస్టు వేరు, అక్కడున్నోళ్ళు విడిగా చూస్కోండి. అసలు చిక్కు మన పేర్లతో. పాస్‌పోర్ట్‌లో వెంకట సత్యనారాయణ అని మొత్తం ఉంటుంది, రిజిస్టర్‌లో సత్య అని పెట్టేస్తాం, ఇంటిపేరు ఒక చోట ముందు ఒక చోట వెనక, కొందరికి ఇంటిపేరు గళ్ళే ఖాళీ. పోలింగ్ స్టేషన్‌లో పెద్దమ్మ గారు స్కేలు పెట్టి లైను లైను వెతుకుతుంటే వెనక క్యూ పెరుగుతుంటది. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో రిజిస్టర్‌లో అక్షరం అక్షరం అలాగే పెట్టండి, అయిపోద్ది.

ఎంపీకి లెటర్, దాని తర్వాత సర్జరీ

దేశంలో 650 మంది ఎంపీలు ఉంటారు గానీ మీ లెటర్ చదివేది ఒక్కరే, మీ నియోజకవర్గం ఎంపీ. పక్క నియోజకవర్గం ఎంపీ ఎంత మంచోడైనా మీకు జవాబివ్వడు, అది వాళ్ళ పద్ధతి. కాబట్టి లెటర్‌లో మొదటి లైనులోనే మీ పూర్తి అడ్రస్, పోస్ట్‌కోడ్ రాయండి, లేకపోతే ఆఫీసులో కుర్రాడు పక్కన పడేస్తాడు. పార్లమెంట్ సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే మీ ఎంపీ ఎవరో వస్తుంది. మీకు పౌరసత్వం ఉందా వీసానా అని ఎవరూ అడగరు, అక్కడ కాపురం ఉంటే మీరు వాళ్ళ మనిషే.

నా మొదటి లెటర్ 2018లో రాశా, మూడు పేజీలు, ఆవేశమంతా వెళ్ళగక్కా. జవాబుగా వాళ్ళ పార్టీ పాట మొత్తం ప్రింటు కొట్టి పంపారు. తర్వాత తెలిసిందేంటంటే లెటర్‌లో ఒకే సంగతి ఉండాలి, అది మీకు జరిగింది అయ్యుండాలి, చివర్లో మీకేం కావాలో ఒక ప్రశ్న ఉండాలి. "బ్రెగ్జిట్ దేశాన్ని నాశనం చేసింది" అని రాస్తే దానికి జవాబు ఉండదు. "జర్మనీ నుంచి పిల్లల సామాను తెప్పిస్తే ప్రతి పార్సిల్ మీద 12 పౌండ్ల హ్యాండ్లింగ్ ఫీజు పడుతోంది, ఈ ఫీజుకి పరిమితి పెట్టమని మీరు సంబంధిత మంత్రిని అడుగుతారా" అని రాస్తే వాళ్ళు మామూలుగా ఆ మంత్రికి పంపుతారు, మంత్రి ఆఫీసు ఏదో ఒకటి రాస్తుంది. ఎక్కడో దొరికిన రెడీమేడ్ లెటర్ కాపీ కొట్టి పంపితే అలాంటివి రెండొందలు కట్టగట్టి ఒకే జవాబు పడేస్తారు, అందుకే మీ మాటల్లో రాయండి, ఇంగ్లీష్ అంత బాలేకపోయినా పర్లేదు.

లెటర్‌కి పని జరక్కపోతే సర్జరీ. కంగారు పడకండి, ఆపరేషన్ కాదు, ఎంపీ జనాన్ని కలిసే టైముని ఇక్కడ సర్జరీ అంటారు, ఎక్కువగా శుక్రవారం గానీ శనివారం గానీ, లైబ్రరీలోనో కమ్యూనిటీ హాల్లోనో పెడతారు. ముందే ఫోన్ చేసి స్లాట్ తీస్కోవాలి, పది పదిహేను నిమిషాలు ఇస్తారు. మన దగ్గర ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున్నే నిలబడ్డట్టే గానీ ఇక్కడ దండలూ అనుచరులూ ఉండరు, ప్లాస్టిక్ కుర్చీ, నోట్‌బుక్ పట్టుకున్న ఒక అమ్మాయి, అంతే. కాగితాలు రెండు కాపీలు పట్టుకెళ్ళండి, ఒకటి వాళ్ళకిచ్చెయ్యండి.

అడిగేది కూడా అందేదై ఉండాలి. మళ్ళీ ఈయూలో చేరిపోదాం అనే కోరిక నాకూ ఉంది, కానీ దానికి 27 దేశాలూ ఒప్పుకోవాలి, ఇప్పుడున్న లేబర్ ప్రభుత్వం 2024 మేనిఫెస్టోలోనే ఒకే మార్కెట్‌లోకి గానీ కస్టమ్స్ యూనియన్‌లోకి (లోపల సుంకాలు లేకుండా, బయటి సరుకుకి అందరూ ఒకే సుంకం వేసే కూటమి) గానీ తిరిగి వెళ్ళమని రాసేసింది. అదే సమయంలో చిన్న తలుపులు తెరుచుకుంటున్నాయి. హొరైజన్ అనే పరిశోధన పథకంలో 2024 జనవరి నుంచి మళ్ళీ చేరారు, పీహెచ్‌డీ చేసే మనోళ్ళకి అది పనికొచ్చేదే, 2025 మే 19న లండన్‌లో రెండు పక్షాలూ కూర్చుని ఆహార సరుకు చెకింగులు తగ్గిద్దామనీ, చేపల వేటకి 2038 దాకా పరస్పరం రానిద్దామనీ అనుకున్నారు. తెరుచుకునే తలుపు దగ్గర తోస్తే పని జరుగుద్ది, గోడని తోస్తే భుజం నొప్పి.

పిటిషన్ గురించి రెండు ముక్కలు. పార్లమెంట్ సైట్‌లో ఇక్కడ ఉంటున్న ఎవరైనా సంతకం పెట్టొచ్చు, 10,000 దాటితే ప్రభుత్వం జవాబివ్వాలి, లక్ష దాటితే చర్చకి పరిశీలిస్తారు. 2019 మార్చిలో బ్రెగ్జిట్ రద్దు చెయ్యమని పెట్టిన పిటిషన్‌కి 61 లక్షల సంతకాలు పడ్డాయి, సైటు కూలిపోయింది, నేనూ అర్ధరాత్రి దాకా రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నా. దాని మీద చర్చ ఏప్రిల్ 1న పెట్టారు, ఆ తేదీ ఎవరు ఎంచారో గానీ. రద్దు కాలేదు. సంతకం పెట్టండి, రెండు నిమిషాలే కదా, పెట్టేసి పని అయిపోయిందనుకోకండి.

రోడ్డెక్కాలనిపిస్తే

నేను 2019 మార్చి 23న వెళ్ళా, పార్క్ లేన్ నుంచి పార్లమెంట్ స్క్వేర్ దాకా. మామూలుగా నడిస్తే ముప్పావు గంట దారి, ఆ రోజు మూడు గంటలకి పైనే పట్టింది, జనం అలా ఉన్నారు, మొదటి గంట అసలు అడుగు కదల్లేదు. మా ఆవిడ పులిహోర కట్టిచ్చింది, గ్రీన్ పార్క్ దగ్గర గోడ మీద కూర్చుని తింటుంటే పక్కన ఎవరో ఫ్రెంచ్ పెద్దావిడ వాసన చూసి ఆగింది, ఆవిడకీ పెట్టా. అట్ట మీద తెలుగులో "ఇక చాలు బాబూ" అని రాసి పట్టుకెళ్ళా, ఇది సింహళమా అని ఒకడు, థాయ్ భాషా అని ఇంకొకడు అడిగారు, అర్థం చెప్తే నవ్వి ఫొటోలు తీసుకున్నారు. బొత్తిగా అర్థం కాని భాషలో రాస్తే జనం వచ్చి మాట్లాడతారని ఆ రోజే తెలిసింది.

పద్ధతిగా చెప్పాలంటే: బాగా అరిగిన మెత్తటి బూట్లు, నీళ్ళు, ఫోన్ ఛార్జింగ్ బ్యాంకు, తిరుగు ట్రైన్ టైము ముందే చూస్కోండి, అట్టకి కర్ర సన్నగా ఉండాలి, లావు కర్ర పోలీసులు తీసేసుకోవచ్చు. వీసా మీద ఉన్నోళ్ళు భయపడాల్సిన పని లేదు, శాంతిగా నడవడం నేరం కాదు. కానీ పోలీసులు ఈ దారే, ఈ టైము లోపే అని షరతులు పెట్టొచ్చు, మైకులో చెప్పినా వినకుండా అక్కడే కూర్చుంటే అది నేరం అవుద్ది, రేపు ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఫారంలోనో సిటిజన్‌షిప్ ఫారంలోనో అవన్నీ చెప్పాలి. ఎవడైనా బారికేడ్ తోసే బ్యాచ్ కనిపిస్తే మెల్లిగా పక్క సందులోకి జారుకోండి, పులిహోర తినే బ్యాచ్‌లో కలవండి.

అటు ఓటేసినోళ్ళతో ఎలా మాట్లాడాలి

దీనికే నాకు ఎక్కువ టైము పట్టింది. మొదట్లో లీవ్ (బయటికి పోదాం) అని ఓటేసినోళ్ళంతా మనల్ని పొమ్మనే రకం అనుకునేవాణ్ణి. తీరా చూస్తే మనోళ్ళలోనే వేసినోళ్ళున్నారు. వాళ్ళ లెక్క ఏంటంటే, యూరప్ నుంచి ఎవడైనా టికెట్ కొనుక్కుని దిగిపోవచ్చు, నేను మాత్రం వేలకి వేలు వీసా ఫీజు కట్టాలా అని. కర్రీ హోటళ్ళ వాళ్ళకీ ఇలాంటి ఆశే చూపించారు, అప్పటి మంత్రి ప్రీతి పటేల్ "సేవ్ అవర్ కర్రీ హౌసెస్" అని ప్రచారం చేశారు, యూరప్ వాళ్ళని ఆపితే మీ వంటోళ్ళకి వీసాలు వస్తాయి అన్నట్టు. తర్వాత ఏమైంది, 2024 ఏప్రిల్‌లో వర్క్ వీసాకి జీతం గీత 38,700 పౌండ్లకి లేపారు, ఏ కర్రీ హోటల్ ఓనరు ఇస్తాడు అంత జీతం. ఆ కోపం ఇంకో రకం, ఓడినోడి కోపం కాదు, గెలిచి కూడా ఏమీ దక్కనోడి కోపం. ఇది ఇంకా మండుతుంది.

ఇంకో పక్క మా బాబాయ్. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు, వనామీ రకం. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి లేపేసరికి కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే ఆ లెక్కన కట్టే ధర) పడిపోయి దిగులుగా ఉన్నాడు, ఫోన్ చేసి "ఒరే అబ్బాయ్, మీ లండనోళ్ళు మన రొయ్యకి సుంకం తీసేశారంటగా, ఎప్పట్నుంచిరా" అన్నాడు. 2025 జూలై 24న ఇండియా, బ్రిటన్ సంతకాలు పెట్టిన ఒప్పందం అది. బ్రిటన్ ఈయూలో ఉండి ఉంటే విడిగా ఆ సంతకం పెట్టే వీలే లేదు. "అయితే ఆ విడిపోవడం మంచిదేగా మరి, నువ్వెందుకురా ఊరికే తిడతావ్" అన్నాడు. నాకు మాట పడిపోయింది. అమెరికా కొనే దాంతో చూస్తే బ్రిటన్ కొనేది ఎంతలే బాబాయ్ అని ఏదో నసిగా గానీ, ఆయన చెరువు గట్టు మీద నుంచి చూస్తే ఆయన మాట తప్పు కాదు. ఇప్పుడెవరైనా దీనివల్ల ఒక్క లాభం చెప్పు అంటే నేను ముందు రొయ్యే చెప్తా, తర్వాతే నా వాదన మొదలెడతా, అప్పుడు ఎదుటోడు కూడా కాస్త వింటాడు.

మా పక్కింటి పెద్దాయనతో నాకు పని జరిగింది అలాగే. రిటైరైన బస్సు డ్రైవరు, లీవ్‌కి ఓటేశాడు, దాచడు. ఎందుకు వేశావు అని కాకుండా ఏం జరుగుద్దని వేశావు అని అడిగా. మనం ఎన్నుకోనోళ్ళు బ్రస్సెల్స్‌లో కూర్చుని మనకి రూల్స్ రాయడమేంటి అన్నాడు, జనం రావడం తగ్గుతుందనుకున్నా అన్నాడు. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస (వచ్చినోళ్ళలోంచి పోయినోళ్ళని తీసేస్తే మిగిలేది) 9 లక్షలు దాటింది, అందులో ఎక్కువ మంది ఎక్కడివాళ్ళయ్యా అంటే మనోళ్ళే ముందున్నారు, ఆ మాట ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం కాసేపు కంచె మీద పిట్టని చూశాం.

తర్వాత ఆయనే వంటింట్లోకి తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద క్యాలెండర్ చూపించాడు. గడుల్లో పెన్సిల్‌తో టిక్కులు. ఇదివరకు నవంబర్‌లో వెళ్ళి మార్చి ఆఖరు దాకా స్పెయిన్‌లో ఉండేవాడు, ఎండ కోసం, మోకాళ్ళ కోసం. ఇప్పుడు షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90కి మించి ఉండకూడదు. మీలో బ్రిటిష్ పాస్‌పోర్ట్ వచ్చినోళ్ళు ఈ లెక్క నేర్చుకోండి: ఇది జనవరితో మొదలై జూన్‌తో అయిపోయే ఆరు నెలల లెక్క కాదు, ఏ రోజు నిలబడినా అక్కణ్ణుంచి వెనక్కి 180 రోజులు చూడాలి, వెళ్ళిన రోజూ వచ్చిన రోజూ రెండూ లెక్కలోకి వస్తాయి, ఫ్రాన్స్‌లో ఉన్నా స్పెయిన్‌లో ఉన్నా అన్నీ కలిపే. పాస్‌పోర్ట్ మీద ముద్ర సరిగ్గా పడకపోతే తప్పించుకోవచ్చులే అనేవాళ్ళు, 2025 అక్టోబర్ 12 నుంచి వేలిముద్ర, ఫొటో తీసి కంప్యూటర్‌లో ఎక్కించడం మొదలెట్టారు, ఆ ఆట అయిపోయింది. ఈయూ వాళ్ళ సైట్‌లో క్యాలిక్యులేటర్ ఉంది, ఫోన్‌లో పెట్టి చూపిస్తే పెద్దాయన నమ్మలేదు, తన టిక్కులతో సరిపోల్చుకున్నాకే ఒప్పుకున్నాడు.

ఎంపీకి రాద్దాం అన్నా. "నేనే ఓటేసి నేనే ఏ మొహం పెట్టుకుని రాయను" అన్నాడు. ఓటేసింది దీని కోసం కాదుగా అన్నా. ఒకే పేజీ, తన వయసు, మోకాళ్ళు, 90 రోజులు, చివర్లో ఒక్క ప్రశ్న: రిటైరైనోళ్ళకి ఎక్కువ రోజులు ఉండనివ్వమని మీరు స్పెయిన్‌తో మాట్లాడమని మంత్రిని అడుగుతారా. నేను నా హ్యాండ్లింగ్ ఫీజు కాగితం పట్టుకున్నా, ఒకే శనివారం పక్కపక్క స్లాట్లు తీసుకుని లైబ్రరీకి ఇద్దరం ఆయన కార్లోనే వెళ్ళాం. నోట్‌బుక్ అమ్మాయి మా ఇద్దరి అడ్రస్‌లు చూసి పక్కపక్క ఇళ్ళా అని నవ్వింది.

ఐదు వారాలకి జవాబులు వచ్చాయి. నాది ఒక పేజీ, ఫీజులు కంపెనీల ఇష్టం అని. ఆయనది రెండు పేజీలు, ఎవరెన్ని రోజులు ఉండాలో ఆయా దేశాల ఇష్టం అని. ఆయన రెండుసార్లు చదివి, మడిచి, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద క్యాలెండర్ పక్కనే పెట్టాడు. వచ్చే నెల ఇంకో లెటర్ వేస్తాడంట, ఈసారి రెండో పేజీలో ఏ వాక్యానికి జవాబు రాలేదో ఆ వాక్యం కింద గీత గీసి మరీ. ప్రింటర్ మా ఇంట్లోది వాడుకుంటానన్నాడు, ఇంకు నేను కొన్నా.